వియ్యపురాలి చెద్దరు

అండాలుకు క్రోషియా సూది పట్టాలని నలభై తొమ్మిదేళ్లలో ఒక్కనాడూ అనిపించలేదు. పట్టేటట్టు చేసింది ఆమె వియ్యపురాలు నర్సింగమ్మ.

అండాలుది మోత్కూర్. పెనిమిటి కురుమయ్యకు నలభై గొర్లు, ఊరవతల ఎకరంన్నర చెలక ఉన్నాయి. వాళ్లకు ఒక్కతే బిడ్డ, రమ. అంతకుముందు రెండు కాన్పులు కడుపులోనే పోయాయి. అందుకే రమ కాలేజీకి వచ్చినా అండాలే జడ వేసేది, అన్నం కలిపి పెట్టేది. రెండేళ్ల కింద తిరుమలగిరికి ఇచ్చి పెళ్లి చేశారు. అల్లుడు గోపీకృష్ణకు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణముంది. అతని తల్లే నర్సింగమ్మ. అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగిపోయిన మనిషి. భర్త లేడు, ఆడపిల్లలు లేరు. పేపరు చదువుతుంది, బీపీ మిషన్ చూడటం తెలుసు, ఎంత మాటైనా నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆ నెమ్మదే అండాలుకు పడేది కాదు.

చలికాలంలో, రమకు ఐదో నెల నడుస్తుండగా, బిడ్డను చూసొద్దామని అండాలు నువ్వుల ముద్దలు చేసుకుని తిరుమలగిరి పోయింది. పోయేసరికి అత్తా కోడళ్లు ఇంటి ముందు ఎండలో చాప మీద కూర్చుని ఉన్నారు. నర్సింగమ్మ చేతిలో కొస వంగిన సూది, ఒళ్లో పసుపు ఉలన్‌తో అల్లుతున్న చిన్న చెద్దరు. రమ దాని మీదికి వంగి చూస్తోంది.

"అమ్మా, వచ్చినవా! ఒక్క నిమిషం ఆగే, గీ పువ్వు అయిపోతాంది," అంది రమ. లేవలేదు.

అండాలు చేతిలో డబ్బాతో గేటు దగ్గర నిలబడింది. పువ్వు అయిపోయింది. రమ దాన్ని వేలితో తడిమి తల్లి దిక్కు తిరిగింది. "పుట్టబోయే బిడ్డకట. అత్తమ్మ చేతులు చూడే, ఎంత జల్ది తిరుగుతున్నయో. నీకెందుకు రావే గిసొంటియి?"

ఊరికే అన్న మాట. రమ అని మరిచిపోయింది. అండాలు మాత్రం బస్సులో గంటసేపు ఆ మాటనే నమిలింది. తను తిరిగి బయల్దేరేదాకా నువ్వుల ముద్దల డబ్బా మూత కూడా ఎవరూ తీయలేదు.

మర్నాడు పొద్దున్నే వాడ చివర బాబా మియా ఇంటికి పోయింది. ఆయన పరుపులు కుడతాడు. ఆయన భార్య ఇక్బాల్ బీ అరుగు మీద కూర్చుని నమాజు టోపీలు, బల్ల గుడ్డలు అల్లుతుంది. వాడలో అందరికీ ఆమె చాచీయే.

"చాచీ, నాకు గీ పని నేర్పు."

"ఏమల్లుతవ్?"

"చెద్దరు. పసిపిల్లల చెద్దరు."

"మొదలుకే చెద్దరా? ఎవలన్న ముందుగాల చిన్న రుమాలు అల్లి చేయి తిప్పుకుంటరు."

"రుమాలు నాకెందుకు? చెద్దరే గావాలె. పువ్వులు గూడ గావాలె."

ఇక్బాల్ బీ చేతిలో టోపీ పక్కన పెట్టింది. "కాన్పు ఎప్పుడు?"

"వైశాఖంల."

"ఎండకాలంల ఉలన్ చెద్దరేంది బిడ్డా?"

"నువ్వు నేర్పు చాచీ. తతిమ్మ ఫికర్ నాకిడిసిపెట్టు."

అండాలుకు ధైర్యం ఎక్కువే. ఉన్ని వాళ్ల ఇంటి పని. ఆమె తల్లి కదురు తిప్పి గొంగళ్లకు నూలు తీసేది. ఆమె కూడా చిన్నప్పుడు తీసింది. ఇంత సూది ఎంత అనుకుంది. కానీ ఆ సూది ఆమె మాట వినలేదు. దారాన్ని ఎంత బిగించి పట్టేదంటే, ఒకసారి వేసిన ఉచ్చులోకి సూది మళ్లీ దూరేది కాదు. ఆ ఉచ్చును ఇక్బాల్ బీ ఫందా అంటుంది.

"గొర్రె మెడకు తాడు కడుతున్నవా? జర ఢీలా ఇడువు," అనేది. రెండ్రోజులు చూసి ఇంకో మాట కూడా అంది. "ఎవలి మీదనో కోపమున్నది నీకు. గది దారం మీద తీస్తున్నవ్."

అండాలు మెరూన్ రంగు, ఆకుపచ్చ రంగు ఉలన్ ఉండలు తెచ్చుకుంది. పసుపు కంటే ముదురుగా, దూరం నుంచే కనబడాలని. నూటిరవై ఫందాల గొలుసు వేసి, దాని మీద వరుస తర్వాత వరుస. మెడ పట్టేసింది, చూపుడువేలు బొబ్బెక్కింది. పదిరోజులకు జానెడు వచ్చింది. మురిపెంగా అరుగు మీద పరిచింది.

ఇక్బాల్ బీ ఒక కొస నుంచి ఇంకో కొసకు వేలితో లెక్కపెట్టింది. "నూటిరవైతోని మొదలు పెట్టినవ్. గిప్పుడు తొంభై ఏడున్నయి. ప్రతి వరుస కొసకు ఆఖరి ఫందా ఇడిసిపెడ్తున్నవ్. గిట్లనే పోతే చెద్దరు గాదు, పతంగి అయితది."

అని సూదిని బయటికి తీసి దారం కొస పట్టుకుని గుంజింది. సర్రుమని ఒక వరుస పోయింది. ఇంకొకటి పోయింది. పదిరోజుల పని చాయ్ మరిగేలోపల అండాలు ఒళ్లో మెలికల దారమై కుప్ప పడింది. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు. దారమేం పోలే. చుట్టి మల్ల మొదలుపెట్టు. సూదిని ఉండకు గుచ్చిపెట్టు, లేకుంటే ఎవలకన్న కుచ్చుకుంటది."

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి వరుస కొసకు వచ్చినప్పుడల్లా పైకే లెక్కపెట్టుకునేది. గొర్లను తోలుకొచ్చిన కురుమయ్య కాళ్లు కడుక్కోను నీళ్లడిగితే, "అరవై నాలుగు" అని జవాబు చెప్పేది.

రమ ఆదివారం ఆదివారం ఫోన్లో ఫోటో పంపేది, అత్త చెద్దరు ఎంతదాకా వచ్చిందో. తల్లికి కూడా ఆ పని మీద మనసు పడిందని ఆ పిల్ల సంబరం. అండాలు ఆ ఫోటోను ఇక్బాల్ బీకి చూపించింది. "చాచీ, మంచిగ చూడు. గిందుల ఏమన్న తప్పున్నదా?"

ఇక్బాల్ బీ ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని, వెనక్కి జరిపి, మళ్లీ తెచ్చుకుని చూసింది. "మాషాల్లా! ఎవలిది గీ చేయి? ఎంత సాఫ్‌గున్నదో."

అండాలు ఫోన్ లాక్కుంది. ఆ తర్వాత ఆమెకు ఏ ఫోటో చూపించలేదు.

ఏడో నెల వచ్చింది. మొదటి కాన్పుకు బిడ్డను తల్లిగారింటికి తెచ్చుకోవాలి. అండాలు అర్రకు సున్నం వేయించింది, మంచానికి కొత్త నవారు అల్లించింది, బాబా మియా దగ్గర మెత్తటి పరుపు కుట్టించింది. పసుపు కుంకుమ, చీర, పండ్లు పట్టుకుని తిరుమలగిరి పోయింది. ఈసారి రమ లేచి ఎదురొచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి. అన్నాలు తిన్నంక తల్లి చేయి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"అమ్మా, నేను ఈడనే ఉంటనే. బీపీ ఎక్కువొస్తాంది. సూర్యాపేటల చూసే డాక్టరమ్మ దగ్గర్నే ఉండుమన్నది. అత్తమ్మ దినాం రెండుమాట్లు మిషన్ పెట్టి చూస్తది."

"మొదటి కాన్పు తల్లిగారింట్ల గాకుంట యాడనన్న అయితదా బిడ్డా? మిషన్ గావాలంటే నేను కొనలేనా?"

"మిషన్ గురించి కాదమ్మా. నాకు భయమైతాంది. ఈడుంటే భయముంటలేదు."

అండాలు వియ్యపురాలి దిక్కు చూసింది. నర్సింగమ్మ గిన్నెలు సర్దుతూ నెమ్మదిగానే అంది. "నేను ఉండుమని చెప్పలేదు వదినా. పొమ్మని గూడ చెప్పలేదు."

తన దగ్గరుంటే భయం, ఈమె దగ్గరుంటే ధైర్యం.

మూడు గంటలకు గోపీకృష్ణ ఆటో తెచ్చాడు. రమకు రక్తపరీక్ష ఉంది, నర్సింగమ్మ కూడా పోయింది. "నువ్వు అలిసినవమ్మా, జర ఒరుగు," అని రమ చెప్పి పోయింది. ఇంట్లో అండాలు ఒక్కతే మిగిలింది. మంచం కింద బుట్టలో పసుపు చెద్దరు కనబడుతోంది.

తీసి మంచం మీద పరిచింది. ఇంకో జానెడు అల్లితే అయిపోతుంది. ఎంత మెత్తగా ఉందంటే చేయి ఆనితే ఆనినట్టు లేదు. అండాలు కొస నుంచి లెక్కపెట్టింది. పై వరుస, మధ్య వరుస, కింది వరుస, అన్నీ సమానం. పువ్వులు తిరగేసి చూసింది. వెనక కూడా ఒక్క దారం వేలాడటం లేదు. ఒక్క తప్పు దొరికినా ఆ పూట ఆమె మనసు చల్లబడేదేమో. దొరకలేదు.

సూదిని బయటికి తీసింది. ఒక్క వరుస, అనుకుంది. గుంజింది. దారం ఏ అడ్డమూ లేకుండా వచ్చింది. రెండో వరుస వచ్చింది. పువ్వు దగ్గరికి వచ్చేసరికి ఒక్కో రెక్క మూసుకుని మాయమైంది. ఆపుదామనుకుంది కానీ చేయి ఆగలేదు. గుంజుతున్నంతసేపూ ఆమెకు లోపల హాయిగా ఉంది. చాలా రోజుల నుంచి ఎక్కడో బిగుసుకున్నది వదులైనట్టుంది. గేటు చప్పుడయ్యేసరికి చెద్దరు సగం కూడా మిగల్లేదు.

గబగబా దారమంతా బుట్టలో కుక్కింది. సూదిని ఉండకు గుచ్చింది. బుట్టను నేల మీద ఒరగేసి మంచం మీద పడుకుంది.

ముందు చూసింది రమ. "అయ్యో అత్తమ్మా! ఏమైందిది?"

అండాలు కళ్లు నులుముకుంటూ లేచింది. "నేను పండుకున్న బిడ్డా. పిల్లి వచ్చినట్టు సప్పుడైంది. గదే గుంజిందేమో."

ఆ ఇంట్లో ఒక తెల్ల పిల్లి తిరుగుతుంటుంది. రమ కడుపు పట్టుకుని నేల మీద కూలబడి ఏడ్చింది. లేచి చీపురు పట్టుకుని పిల్లిని గేటు అవతలికి కొట్టింది. నర్సింగమ్మ బుట్ట ముందు కూర్చుంది. ఉండను చేతిలోకి తీసుకుని, దానికి గుచ్చి ఉన్న సూదిని చూసింది. ఒక్కసారి తలెత్తి అండాలును చూసింది.

"పిల్లే గుంజి ఉంటది," అంది.

సాయంత్రం బస్సుకు అండాలు వెళ్లిపోయింది. నర్సింగమ్మ తిట్టినా బాగుండు, అరిచినా బాగుండు. బదులుకు తనూ అరిచేది. ఏమీ అనకుండా ఆమె మళ్లీ పెద్దమనిషి అయింది. దొంగపని తనది, మంచిపేరు ఆమెది. దారి పొడుగునా అండాలుకు పశ్చాత్తాపం కంటే ఉక్రోషమే ఎక్కువ కలిగింది.

తర్వాత రమ ఫోన్లో చెప్పింది. "అత్తమ్మ బుట్టను అటుక మీద పెట్టిందమ్మా. మల్ల ముట్టలే." అండాలు రెండ్రోజులు సంతోషపడింది. ఇక పోటీ లేదు. తన చెద్దరొక్కటే ఉంటుంది. కానీ మూడోనాడు సూది పడితే చేయి సాగలేదు. రమ గొంతు వింటే చాలు, తెలిసిపోయిందేమోనని గుబులు. "పిల్లి మల్ల వస్తాందా?" అని తనే అడిగేది. "రానిస్తలేనమ్మా," అనేది రమ. ఏ పాపమూ ఎరగని జీవి ఎండలో గేటు బయట తిరుగుతోందని అండాలుకు అన్నం సహించేది కాదు.

చైత్రం పోయేలోపల చెద్దరు అయిపోయింది. ఒక పక్క కొంచెం వంకర, మధ్యలో బిగుతు. ఒక పువ్వుకు ఐదు రెక్కలు, పక్కదానికి ఆరు. ఇక్బాల్ బీ చేతిలోకి తీసుకుని "మొదటిసారికి శానా మంచిగొచ్చింది," అంది. మూడు నెలలు ఆ మాట కోసం ఎదురుచూసిన అండాలు ఊరికే తలూపి ఇంటికొచ్చింది.

వైశాఖంలో ఒకనాడు పొద్దున గోపీకృష్ణ ఫోన్ చేశాడు. రమకు బీపీ పెరిగిందట, ఇంకా పదిహేను రోజులుండగానే ఆపరేషన్ చేస్తామన్నారట. గొర్లను పక్కింటాయనకు అప్పగించి కురుమయ్య, అండాలు సూర్యాపేటకు ఉరికారు. సంచిలో మెరూన్ చెద్దరుంది. వాళ్లు దవాఖాన మెట్లెక్కేసరికి ఆడపిల్ల పుట్టి గంట అయింది. రమ బాగుంది. పాప నర్సింగమ్మ చేతుల్లో ఉంది.

మొదలు ఎత్తుకున్నది ఆమె. అండాలు సంచిలోంచి చెద్దరు తీసి పాప మీద కప్పబోయింది. అప్పుడే వచ్చిన నర్సు కసిరింది.

"గీ ఎండల ఉలన్ చెద్దరా? ఈడ ఫ్యాన్ గాలే సాల్తలేదు. తియ్యమ్మా, పాపకు చెమటకాయలు లేస్తయి. పాత నూలు చీర ముక్క చాలు."

అండాలు చెద్దరు మడిచి చేతిలో పట్టుకుంది. నర్సింగమ్మ పాపను ఆమెకు అందించింది. పిడికెడంత మొఖం, రమ పుట్టినప్పటి ముక్కే. అండాలు చాలాసేపు చూసి పాపను రమ పక్కన పడుకోబెట్టింది. బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది. కొంతసేపటికి నర్సింగమ్మ కూడా వచ్చి ఆ చివర కూర్చుంది.

"పిల్లి కాదు వదినా," అంది అండాలు.

"తెలుసు."

"ఎట్ల?"

"పిల్లి సూదిని తీసి ఉండకు గుచ్చదు గదా."

"మరి గప్పుడే ఎందుకు చెప్పకపోతివి?"

"నీ తల్లే ఊడదీసిందని రమకు చెప్పాల్నా? అప్పటికే బీపీ ఆగుతలేదు." నర్సింగమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంది. "నన్ను మంచిదాన్ననుకోకు వదినా. నాకు కోపం పోలేదు. రెండు నెలల పని అది. నిన్ను చూస్తే ఇప్పటికి గూడ మండుతాంది. ఒక్క మాట చెప్పు, నేనేం చేసిన నీకు?"

"నువ్వేం చెయ్యలే. నా బిడ్డ నీ దగ్గర ధైర్యంగుంటాంది. గదే," అంది అండాలు.

లోపల పాప ఏడుపు వినిపిస్తే ఇద్దరూ ఒక్కసారే లేచారు.

మూడోనాడు అండాలు బిడ్డకు తనే చెప్పింది. రమ మొఖం గోడ దిక్కు తిప్పుకుంది. పొద్దుగూకేదాకా తల్లితో మాట్లాడలేదు. ఆఖరికి అటు తిరిగే అంది. "పిల్లిని చీపురుతోని కొట్టిన నేను."

"తప్పయింది బిడ్డా."

"నాకు కాదు చెప్పుడు. అత్తమ్మకు అల్లియ్యి. నువ్వు ఊడదీసిందంత."

అట్లా అండాలు తిరుమలగిరిలో ఇరవై రోజులుంది. బాలింతకు పత్యం వండుతూ, పాపకు నీళ్లు పోస్తూ, దొరికిన వేళల్లో చాప మీద నర్సింగమ్మ పక్కన కూర్చుని పసుపు చెద్దరు అల్లింది. నర్సింగమ్మ ముక్తసరిగా చెప్పేది. "ఇక్కడ రెండు. ఇక్కడ ఒకటి ఇడువు." అండాలు పళ్లు బిగబట్టి అట్లాగే చేసేది. పాప ఏడిస్తే నర్సింగమ్మ భుజాన వేసుకోగానే ఊరుకునేది. అండాలు ఎత్తుకుంటే ఇంకా గట్టిగా ఏడ్చేది. అప్పుడల్లా పాత ఉక్రోషమే లేచేది. ఒకనాడు పైకే అనేసింది. "ఏం మందు పెట్టినవ్ వదినా పిల్లకు?"

నర్సింగమ్మ మొదటిసారి నవ్వింది. "ఏడ్చేటప్పుడు కొంచెం ఒడుపుగ పట్టుకోవాలె. నువ్వు పీక పట్టినట్టు పడుతున్నవ్."

అండాలు ఆ పూట అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. కానీ మర్నాడు వదులుగా పట్టి చూసింది. పాప ఊరుకుంది.

చెద్దరు అయిపోయిన నాడు నర్సింగమ్మ దాన్ని ఒక్కసారి దులిపి, మడిచి, పెట్టెలో పెట్టింది. తెల్ల పిల్లిని రమ మళ్లీ ఇంట్లోకి రానిచ్చింది.

శ్రావణంలో, పాపకు మూడో నెల వచ్చాక, రమ మోత్కూర్ వచ్చింది. అండాలు వాడంతా తిరిగి చెప్పింది. ఇక్బాల్ బీ వచ్చి పాప చేతిలో చిన్న టోపీ పెట్టి పోయింది. నర్సింగమ్మ పొద్దున ఫోన్ చేసింది, పగలు చేసింది, సాయంత్రం చేసింది. పాలు తాగిందా, దగ్గు తగ్గిందా, అని. రెండ్రోజులు అండాలు ఆ ఫోన్లు గర్వంగా ఎత్తింది. పాప ఒళ్లోనే ఆడుకుంటున్నా "పండుకున్నది వదినా," అని పెట్టేసింది. మూడోనాడు పొద్దున ఫోన్ రాలేదు. పగలు దాటినా రాలేదు. రెండుసార్లు ఫోన్ తీసి చూసుకుంది అండాలు. పొద్దు వాలే వేళకు మోగింది.

"ఏం లేదు వదినా, గట్లనే చేసిన," అంది నర్సింగమ్మ. "గోపి దుకాణం కాడున్నడు. ఇంట్ల సప్పుడే లేదు."

ఆ గొంతు అండాలుకు తెలుసు. రమను పంపిన నాటి నుంచి రెండేళ్లు తన గొంతు అట్లాగే ఉంది.

"రేపు పొద్దుగాల బస్సుకు రా వదినా," అంది. "వారం రోజులుండి పో."

అటు పక్క నర్సింగమ్మ వెంటనే సరే అంది. అడిగితే చాలన్నట్టు అంది. అండాలు ఫోన్ పెట్టేసింది. వాకిట్లో గొర్రెపిల్లకు ఆకు వేస్తున్న కురుమయ్య తలెత్తి చూశాడు.

"వారమా?"

"నోట్లకెల్లి వచ్చింది," అంది అండాలు చిరచిరలాడుతూ. "రెండు రోజులైతే ఆమెకు యాడ సరిపోతయి?"

ఆ సాయంత్రం రమ ఎంత అడిగినా ఆమె పాపను కిందికి దించలేదు.